కమలాపురం రోడ్డు మీద సంగటి ఐస్‌క్రీమ్

కర్నూలు నుంచి కడపకు పోయేవాళ్లు పెళ్లికో, కోర్టు వాయిదాకో, దర్గాకో పోతారు. మేము మా పాప నోరు తెరిచిందని పోయినాం.

పాప పేరు జాను. రెండున్నరేళ్లు. ఉగాదికి ముందు వచ్చిన జ్వరం తగ్గింది గానీ, దాంతో పాటు తిండి కూడా పోయింది. పాలు తాగుతుంది. పాలలో నానిన బిస్కెట్ అంచు చప్పరిస్తుంది. అన్నం, ఇడ్లీ, పప్పు, పండు, ఏది చూపినా పెదవులు లోపలికి మడుచుకుంటుంది. వచ్చే నెలకు బరువు పెరగకపోతే ఆస్పత్రిలో చేర్చుకొని పరీక్షలు చేయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. చాలా మెల్లగా చెప్పింది. నాకు మాత్రం ఆ మాట రోజూ గట్టిగానే వినిపిస్తుంది.

మా ఇంట్లో జాను భోజనం అంటే ఊరి తిరునాళ్లే. నేను గిన్నె పట్టుకొని ముందు కూర్చుంటాను. మా ఆయన మహేశ్ వెనకాల కోతిలా ఎగురుతాడు. పై ఇంటి ఆంటీ బాల్కనీలోంచి వంగి "మింగిందా?" అని అడుగుతుంది. వాచ్‌మన్ గేటు వదిలి కిటికీ దగ్గరికి వస్తాడు. ఇంతమందిమి ఊపిరి బిగబట్టి చూస్తే కూడా ఆ చిన్న నోరు తెరుచుకోదు.

ఒక సాయంత్రం నా కాలేజీ స్నేహితురాలు వీడియో ఒకటి పంపింది. కడప దగ్గర కమలాపురం రోడ్డు పక్కన ఒక బండి, దాని మీద దొప్పలో సంగటిలా గోధుమరంగు ఐస్‌క్రీమ్ ముద్ద, ముద్ద నడుమ గుంత, గుంతలో ఎర్రగా ఏదో. నా ఒడిలో ఉన్న జాను దాన్ని చూసి నోరు తెరిచింది. మళ్లీ పెట్టినాను. మళ్లీ తెరిచింది. వంటింట్లోకి పరుగెత్తి సంగటి ముద్ద తెచ్చి చూపించినాను. మూసేసింది.

"వీడియోకు నోరు తెరిస్తే కడపకు పోతావా? రేపు ఊటీ వీడియోకు తెరిస్తే?" అన్నాడు మహేశ్.

"ఊటీకే పోతా."

ఆయనకు సెలవు దొరకలేదు. ఆలూరు నుంచి మా అత్తను పిలిపించినాం.

కర్నూలు బస్టాండు

మా అత్త చెన్నమ్మ ఆలూరు పక్క పల్లెలో పుట్టి, ఆలూరులోనే కాపురం చేసిన మనిషి. డబ్బులను దుడ్లు అంటుంది. ఎవరినైనా రెండు నిమిషాల్లో చుట్టాన్ని చేసుకుంటుంది. నేను సర్దిన సంచి విప్పి చూసింది. థర్మామీటరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, కాచి చల్లార్చిన నీళ్లు, దోమల మందు, రెండు టోపీలు, చేతులు తుడిచే తడి కాగితాలు.

"ఏమ్మే, మనం ఐస్‌క్రీముకు పోతాండామా, యుద్ధానికి పోతాండామా?"

నిజానికి నేను జానుకు ఇంతవరకు ఐస్‌క్రీమ్ పెట్టలేదు. జలుబు చేస్తుందని, ఏ నీళ్లతో చేస్తారో అని. రోడ్డు పక్కది అయితే చూడనిచ్చే దాన్ని కూడా కాదు. ఇప్పుడు దానికోసమే మండుటెండలో బస్సెక్కుతున్నాను. ఈ సంగతి డాక్టరమ్మకు తెలియకూడదని లోపల్లోపల మొక్కుకున్నాను.

అత్త సంచి తేలికే. ఒక చీర, ఒక స్టీలు డబ్బా. డబ్బాలో ఆమె తెల్లవారుజామున చేసిన సంగటి ముద్ద.

"ఆ ఐస్‌క్రీము సంగటి బాగలేకుంటే మన సంగటి ఉండాల గదా" అంది.

నంద్యాల దాటినాక

నంద్యాల దాటి కొంత దూరం పోయినాక డ్రైవరు గట్టిగా బ్రేకు వేసినాడు. గొర్రెల మంద అడ్డం వచ్చింది. అత్త ఒళ్లోని డబ్బా కింద పడి మూత ఊడింది. సంగటి ముద్ద బయటికి వచ్చి, సీట్ల నడుమ దారిలో ముందుకు దొర్లుకుంటూ పోయింది. డ్రైవరు మళ్లీ బండి కదిలించగానే వెనక్కి వచ్చింది. మా సీటు దగ్గర ఆగుతుందేమో అనుకున్నాను. ఆగకుండా వెనక సీట్ల వరకు పోయింది.

వెనక సీటులో ఒక పెద్దాయన దాన్ని రెండు చేతులతో ఎత్తి, తిప్పి తిప్పి చూసినాడు.

"ఎవరమ్మా చేసినది?"

"నేనేప్పా" అంది అత్త, లేచి నిలబడి.

"శానా బాగా గెలికినావు పెద్దమ్మా. ఇంత దూరం దొర్లినా ఒక్క పగులు లేదు."

ముద్ద చేతులు మారుతూ మా సీటు దాకా వచ్చింది. మధ్యలో ప్రతివాళ్లూ ఒకసారి నొక్కి చూసినారు. ఒకామె మాత్రం నీళ్లు ఒక గుక్క ఎక్కువైనట్టు ఉందని చెప్పింది. అత్త ఆమెతో ఆళ్లగడ్డ వరకు మాట్లాడలేదు.

నేను ఆ ముద్దను తీసుకొని పారేద్దామని కిటికీ వైపు తిరిగినాను. అత్త నా చెయ్యి పట్టుకుంది. పైపొర గోటితో గీసేసి మళ్లీ డబ్బాలో పెట్టింది.

ఆళ్లగడ్డ

ఈ ముద్ద వల్ల బస్సులో అందరికీ మా కథ తెలిసిపోయింది. పాప తినదని అత్తే చెప్పింది. అంతే. ఆళ్లగడ్డలో బస్సు ఆగేసరికి జాను ముందు అరటిపండు, మురుకులు, ఉడకబెట్టిన చెనిక్కాయలు, జొన్నరొట్టె తునక, ఎవరిదో పిల్లకు కొన్న గులాబీరంగు పీచు మిఠాయి, అన్నీ చేరినాయి. ముందు సీట్ల వాళ్లు వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూర్చున్నారు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపేసినాడు. "ఒక ముద్ద తింటే హారన్ కొడతా పాపా" అని డ్రైవరు అద్దంలోంచి ఆశ పెట్టినాడు.

జాను పెదవులు మడుచుకుంది.

సంచి నిండా మామిడిపండ్లు పెట్టుకున్న ఒకాయన, అందులో మంచిది ఏరి, కోసి, తునక చేతికి ఇచ్చినాడు. జాను దాన్ని కిటికీలోంచి కింద పడేసింది. ఆయన మొహం వాడిపోయింది.

"మా తోట పండు ఇంతవరకు ఎవురూ కాదనలేదమ్మా. మా వియ్యంకుడు గూడా కాదనలేదు. ఆయన మాతో మాట్లాడడు, అయినా పండు తింటాడు."

నేను ఆయనకు క్షమాపణ చెప్పినాను. పాప తరఫున అత్త కూడా చెప్పింది. ఆయన మైదుకూరులో దిగేటప్పుడు మరో రెండు పండ్లు నా ఒళ్లో పెట్టి, "పెద్దయినాక పెట్టు" అని దిగిపోయినాడు.

కడప

కడపలో రాత్రి లాడ్జిలో ఉండి, పొద్దున్నే కారం దోసె తిన్నాం. మా కర్నూల్లో పొద్దున లేస్తే ఉగ్గాని, మిరపకాయ బజ్జి. బొరుగులు నానబెట్టి తాలింపు పెడితే ఉగ్గాని అయిపోతుంది, కడుపులో తేలిగ్గా ఉంటుంది. కడపలో పొద్దున్నే దోసె మీద ఎర్రకారం మెత్తి, దాని మీద పప్పుల పొడి చల్లి, దాని మీద నెయ్యి పోసి ఇస్తారు. అది తిని కూడా ఆఫీసులకు పోతారు. ఎట్లా పోతారో నాకు అర్థం కాలేదు. నేను రెండు తునకలు తిని నీళ్లు తాగుతూ కూర్చున్నాను. అత్త రెండు దోసెలు తిని, కంట్లో నీళ్లు తుడుచుకుని, మూడోది చెప్పింది.

"దుడ్లెంతప్పా?" అని అడిగింది లేచేటప్పుడు.

"ఏంది పెద్దమ్మా?" అన్నాడు హోటలాయన.

"లెక్క, లెక్క" అని పక్క బల్ల ఆయన అందించినాడు. కడపలో డబ్బులంటే లెక్క. దోసె నలభై రూపాయలు. మా ఊళ్లో ఆ నెయ్యికి డెబ్బై తీసుకుంటారు.

జాను పాలు తాగింది. దోసె మాస్టరు, సర్వరు, హోటలాయన వరసగా వచ్చి చూసిపోయినారు. తినలేదు. ముందటి రాత్రి లాడ్జిలో నాకు నిద్ర పట్టలేదు. ఆ వీడియోలో బండి ఇప్పుడు అక్కడ లేకపోతే? ఉన్నా జాను మూతి తిప్పుకుంటే? ఆ తర్వాత ఇంక ఆస్పత్రే. ఇంత దూరం ఎందుకు వచ్చినానో మహేశ్‌కు ఏమని చెప్పాలి?

కమలాపురం రోడ్డు

బండి అక్కడే ఉంది. కమలాపురం ఇంకా కొంచెం దూరం ఉందనగా, పంక్చరు షాపు పక్కన రేకుల కప్పు, దాని కింద పెద్ద ఫ్రీజరు, వెనకున్న ఇంటి నుంచి రోడ్డు దాకా లాగిన కరెంటు తీగ. బోర్డు మీద చేత్తో రాసి ఉంది:

"రాగి సంగటి ఐస్‌క్రీమ్, ఊరిమిండి ఐస్‌క్రీమ్, గోంగూర, చింతచిగురు, నన్నారి. చేత్తో తినవలెను. వనీలా అడగరాదు."

ఊరిమిండి అంటే మా వైపు సంగటిలోకి నూరుకునే వేరుశనగ పచ్చడి. దాన్ని కూడా ఐస్‌క్రీమ్ చేసినారు. నేను ఆటోలోంచి ముందు దిగి నీళ్ల సంగతి అడిగినాను.

"ఏ నీళ్లతో చేస్తారండీ?"

"మేం తాగే నీళ్లతోనేమ్మా" అన్నాడు ఐస్‌క్రీమ్ చేసే ఆయన. పేరు ప్రకాశం. పంచె ఎగగట్టుకుని, చేతికి ఉన్ని తొడుగు వేసుకున్నాడు.

"మీరు ఏ నీళ్లు తాగుతారు?"

"దప్పికైతే ఏవైనా తాగుతాం."

నా వెనక అత్త నవ్వింది. ప్రకాశం భార్య రూతమ్మ ముందుకొచ్చి, "క్యాను నీళ్లేలేమ్మా, ఈయన మాటలకేమి" అని క్యాను చూపించింది. స్పూను ఉందా అని అడిగినాను. అక్కడున్న నలుగురు గిరాకీలూ నా వైపు తిరిగినారు.

"సంగటికి స్పూనా?" అన్నాడు ప్రకాశం. కోపం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు ఉంది.

ఫ్రీజరులోంచి ముద్ద తీసి దొప్పలో వేస్తే ఠంగుమని చప్పుడైంది. గుంత చేయడానికి ఆయన గరిటె వెనక వైపు పొయ్యి మీద కాల్చి, ముద్ద నెత్తిన ఒత్తినాడు. బుస్సుమని పొగ. గుంతలో ఎర్రటి ఊరిమిండి ఐస్‌క్రీమ్. ధర నలభై. అత్త అందుకొని వేలు పెట్టబోయింది.

"ఆగమ్మా!" అన్నారు అందరూ ఒక్కసారే.

"కండ్లు మూసుకోండి" అంది రూతమ్మ, కొంగు తల మీదికి లాక్కుంటూ. "ప్రార్థన చేసి తిందాము."

పంక్చరు షాపు ఖాదర్ భాయి చేతిలో సుగంధి వేళ్ల నన్నారి కప్పు ఉంది. "నాది నన్నారి అమ్మా, ఒక్క స్తోత్రం చాలు" అన్నాడు. రూతమ్మ "స్తోత్రం" అంది. ఆయన తినేసినాడు. గోంగూర కప్పు పట్టుకున్న కాలేజీ పిల్లకు ఇంకొంచెం పొడుగు ప్రార్థన. నాకేమీ అర్థం కాలేదు. ప్రకాశం చెప్పినాడు.

"సంగటి ముద్ద బయటికి తీస్తే గుండ్రాయేమ్మా. కొంచెం ఆగండప్పా అంటే ఎవురాగుతారు? లెక్క ఇచ్చినోడు ఆగడు. మా పెదనాయన కట్టుడుపండ్లు దీంట్లోనే ఇరిగినాయి. అప్పుడు మా ఆమె అనింది, ఎట్లాగూ తినేముందు ప్రార్థన చేస్తాము గదా, అదేదో అందరికీ కలిపి ఈడే చేద్దామని. ప్రార్థన జరుగుతాంటే నోట్లో పెట్టుకునే మొగోడు ఈ సీమలో యాడుండాడు? హిందువులూ ఆగుతారు, సాయిబులూ ఆగుతారు. ముద్ద మెత్తబడేదానికి ఎంతసేపో, ప్రార్థన అంతసేపు."

"ఊరికే సమయం గడపడానికి కాదు" అంది రూతమ్మ, కొంచెం కటువుగా. "అడిగేటివి ఎట్లాగూ శానా ఉంటాయి."

అత్త నా చెవిలో, "వాళ్ల ప్రార్థనకు కండ్లు మూస్తే మన ఎల్లమ్మ ఏమనుకుంటాదే?" అంది. అంతలోనే తనే తేల్చుకుంది. "కండ్లు మూసుకొని మన ఎల్లమ్మనే తలుచుకుంటా. లోపల ఎవురుండారో వీళ్లకేం కనపడతాది."

"ఏమన్నా కోరిక ఉండాదామ్మా, అడిగేదానికి?" అని రూతమ్మ నన్ను అడిగింది.

చెప్పేసినాను. పాప తినడం లేదు. వచ్చే నెల ఆస్పత్రి.

అందరూ కళ్లు మూసుకున్నారు. బల్ల మీద కూర్చోబెట్టిన జాను నడుమును ఒక చేత్తో పట్టుకొని నేనూ మూసుకున్నాను. "ప్రేమగల తండ్రీ, జాను అనే ఈ చిన్న బిడ్డను నీ చేతికి అప్పజెప్తాండాము..." రూతమ్మ గొంతు నిదానంగా సాగింది. రోడ్డు మీద లారీ పోయింది. నేను ఆగలేక ఒక కన్ను తెరిచినాను. లారీ కోసమే తెరిచినాను.

అత్త చేతిలోని దొప్పలో జాను చెయ్యి మణికట్టు దాకా ఉంది. నోటి చుట్టూ గోధుమరంగు. బుగ్గ ఉబ్బి ఉంది. మింగింది. మళ్లీ చెయ్యి పెట్టింది. అంతలో నా కన్ను చూసింది. చెయ్యి ఆగిపోయింది. బొమ్మలా కూర్చుంది.

నేను కన్ను మూసేసుకున్నాను, ఎవరో కొట్టినట్టు.

"ఆమెన్" అన్నారు అందరూ. కళ్లు తెరిచినారు. గుంత రెండింతలైంది.

"తినిండాది! పాప తినిండాది!" అని అత్త గంతేసింది. ఖాదర్ భాయి చప్పట్లు కొట్టినాడు. కాలేజీ పిల్ల ఫోను తీసింది. జాను పెదవులు మడుచుకొని నా భుజంలో మొహం దాచుకుంది.

పాప నోటి ముందు ముద్ద పెట్టినాం. ఊహూ. ప్రకాశం పెట్టినాడు. ఊహూ. అప్పుడు నేను రూతమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"ఇంకోసారి ప్రార్థన చేయండమ్మా. ఎవరూ చూడకుండా ఉంటే తింటాంది. కాస్త పెద్దది చేయండి."

రెండో ప్రార్థన

రూతమ్మ అందరివైపు చూసింది. "అప్పా, అందరూ మూయాల. దొంగచూపులు చూడగూడదు." ప్రకాశం కొత్త ముద్ద తీసి, దొప్పను జాను ఒళ్లోనే పెట్టినాడు.

మొదట పాప కోసం అడిగింది. తర్వాత వాళ్ల సంఘం కోసం, పెన్నలో నీళ్ల కోసం, వేరుశనగ పంట కోసం. ఆ తర్వాత అడగవలసినవి తగ్గినట్టున్నాయి. ట్రాన్స్‌ఫార్మరు కోసం అడిగింది. మేకకు కాలు నొప్పి తగ్గాలని అడిగింది. ఖాదర్ భాయి కంప్రెసరు కోసం అడిగింది.

"ఆలూరుకు గూడా ఒక వాన" అని అత్త గొణిగింది.

"ఆలూరుకు గూడా ఒక వాన, తండ్రీ."

"రూతమ్మా, గోంగూర నీళ్లయిపోతాండాది" అని ప్రకాశం గుసగుసగా అన్నాడు.

"కానీలెప్పా, నాది మోచేతి దాకా వచ్చింది, నేనేమైనా అంటున్నానా?" అన్నాడు ఖాదర్ భాయి. రెండో నన్నారి కొనుక్కున్నాడు పాపం.

కడపకు పోయే బస్సు వచ్చి ఆగిన చప్పుడు. కండక్టరు ఈల వేసినాడు. "ష్" అన్నారు ఎవరో. ఇంజను ఆగిపోయింది. బస్సులోంచి ఒక ముసలాయన గొంతు మెల్లగా వినిపించింది.

"ఎవురు పోయినారప్పా?"

"ఎవురూ పోలేదు. పాప తింటాండాది. కండ్లు మూసుకో."

కాసేపటికి బస్సు లోపల కూడా నిశ్శబ్దమైంది. నేను నా జీవితంలో అంత గట్టిగా కళ్లు ఎప్పుడూ మూసుకోలేదు. చెయ్యి కింద జాను పొట్ట కదులుతోంది. తింటోందా, ఊపిరి తీస్తోందా? ముద్ద గొంతుకు అడ్డం పడితే? చల్లది ఎక్కువైతే? ఒక్క కన్ను, ఒక్క క్షణం. తెరిస్తే ఆపేస్తుంది. తెరవలేదు. ఎండకు రెప్పల లోపల అంతా ఎర్రగా ఉంది.

రూతమ్మ గొంతు బొంగురుపోయింది. బస్సు డ్రైవరు కోసం, ఆయన టైర్ల కోసం అడిగింది. మైదుకూరులో ఎప్పుడో పోగొట్టుకున్న గొడుగు గురించి చెప్పింది. అప్పుడు తెలిసింది మాకు, ఇది ఎప్పుడు ఆపాలో ఎవరికీ తెలియదని. ముద్ద అయిపోయిందో లేదో చూడాలంటే ఎవరో ఒకరు కళ్లు తెరవాలి. తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. రూతమ్మ ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా ఇరవై మంది గుండెలు ఆగినట్టుండేది. మళ్లీ మొదలుపెట్టేది.

చివరికి బల్ల మీది నుంచే వినిపించింది.

"ఆమెన్."

జాను గొంతు. రోడ్డు మీద అందరూ, బస్సులో అందరూ, "ఆమెన్" అన్నారు. దొప్ప ఖాళీ. దొప్ప అంచు కూడా కొంచెం కొరికి ఉంది.

బస్సు వాళ్లు దిగి పాపను చూసిపోయినారు. ఆరుగురు ఐస్‌క్రీమ్ కొన్నారు. వాళ్లకు రూతమ్మ సైగతోనే ప్రార్థన చేసింది, గొంతు రాలేదు. ఇది దేవుడి కార్యమని రూతమ్మ, ముద్ద కార్యమని ప్రకాశం వాదించుకున్నారు. బస్సులో దొర్లిన తన సంగటి వాసనకే పాపకు ఆకలి పుట్టిందని అత్త ఇప్పటికీ అంటుంది.

కర్నూలు

పాపకు జలుబు చేయలేదు. నాకు చేసింది.

ఇంట్లో మాకు ప్రార్థన రాదు. అయినా వేళకు జాను ముందు గిన్నె పెట్టి, అందరం కళ్లు మూసుకుంటాం. పై ఇంటి ఆంటీకి, వాచ్‌మన్‌కు కూడా చెప్పేసినాం. ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి. అత్త ఉన్నన్ని రోజులు ఎల్లమ్మకు చుట్టాల మీద చాడీలు చెప్పింది, చాలా సేపు పట్టేది, పాప బాగా తినింది. పోయిన వారం డాక్టరమ్మ తూకం వేసింది. కొంచెం పెరిగింది. ఆస్పత్రి అక్కర్లేదు, ఇంకో నెల చూద్దామంది. ఎట్లా తినిపిస్తున్నావని అడిగితే, చూడకుండా అన్నాను. ఆమె రాసుకోలేదు.

అత్త ఆలూరుకు పోయింది. ఇవాళ సాయంత్రం మహేశ్ వంతు.

"ఏం మాట్లాడాల?" అన్నాడు కళ్లు మూసుకొని.

"ఏదో ఒకటి. ఆపకు."

ఆయన ఆఫీసులో కొత్త మేనేజరు గురించి మొదలుపెట్టినాడు. మేనేజరు బండి గురించి, ఆ బండి మైలేజీ గురించి చెప్పినాడు. వంటింటి తలుపు తీసే ఉంది, అప్పుడప్పుడు పక్కింటి పిల్లి వస్తుంటుంది. గిన్నె గీరుకున్న చప్పుడైంది. ఆగింది. మళ్లీ గీరుకుంది. అది జాను అయి ఉండొచ్చు, పిల్లి అయి ఉండొచ్చు.

"చూడనా?" అన్నాడు మహేశ్.

"మైలేజీ చెప్పు" అన్నాను.